పన్నెండు మొక్కలు, ఇనుప చువ్వలు

జూన్ 2, ఉదయం 6.10
నా భార్య నడుముకు బెల్టు వేశారు. ఆరు వారాలు వంగకూడదట. పెరట్లో ఆమె పెంచుతున్న పన్నెండు టమాటా మొక్కలు నా పాలబడ్డాయి. ఇన్నాళ్లూ పుల్లలు పాతి, గుడ్డపీలికలతో కట్టేది. ముప్పై ఏళ్లు వంతెనలు కట్టి రిటైరైనవాణ్ణి, చూస్తే నవ్వొచ్చింది. తీర్మానం: మొక్కకో ఇనుప చువ్వ. బైండింగ్ వైరు. మూడు రోజులకోసారి తనిఖీ.

జూన్ 3
చువ్వలు పాతాను. వరుసలో వెంట్రుకవాసి తేడా లేదు. వైరు బిగిస్తుంటే కిటికీలోంచి ఆమె, "అంత బిగించకండి, కాండం లావెక్కద్దా?" అంది.
"నువ్వు పడుకో," అన్నాను.
పక్కింటి దర్జీ గోడమీంచి చూశాడు. "మొక్కల్ని జైల్లో పెట్టారేంటి సార్?"
అతని మొక్కలు తాగినవాళ్లలా ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి. అతనా నాకు చెప్పేది.

జూన్ 9
ఒక తనిఖీ తప్పింది. ఎండ. అయినా మొక్కలు ఎక్కడికి పారిపోతాయి?

జూన్ 17, సాయంత్రం
కాలు కాస్త బెణికింది. ఏ కాలో రాయడం అనవసరం.
"ఇవాళ చూశారా?" అని అడిగింది.
"చూశాను."
కిటికీలోంచి చూడటం కూడా చూడటమే.

జూన్ 24
పొద్దున గాలివాన. చువ్వలన్నీ నిటారుగా నిలబడ్డాయి. వైరు కాండాన్ని కోసిన చోట ఏడు మొక్కలు విరిగాయి. పచ్చికాయలు బురదలో. దర్జీవి వాలాయి తప్ప విరగలేదు.
ఆమె గోడ పట్టుకుని వచ్చింది. "చూశానన్నారుగా," అంది. కాయలు ఏరబోయి వంగింది. నేను అందుకునేలోపే నొప్పితో కూలబడింది.

జూన్ 25
ఆమెకు ఆ ఆరు వారాల పైన మరో మూడు వారాలు పడక. నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమే నయం. ఇంత పనికిమాలినవాడు వంతెనలు ఎలా కట్టాడా అని నాకే అనుమానంగా ఉంది.

జూన్ 26
దర్జీ దగ్గరికి వెళ్లి ముడి వేయడం నేర్పమన్నాను.
"కాండానికీ కర్రకీ మధ్య వేలు దూరాలి సార్." నా చేత పదకొండుసార్లు విప్పించాడు. "పర్లేదు. పెద్ద పెద్ద పనులు చేసినవాళ్లకి కాస్త టైం పడుతుందిలెండి."
ఇంటికొచ్చి వైరు తీసేసి గుడ్డపీలికలతో కట్టాను. మంచం మీంచి ఆమె మొదటిసారి నోరు విప్పింది.
"ఎన్ని మిగిలాయి?"
"ఐదు."
"నిజం చెప్పండి."
"నాలుగు. ఐదోది ఇందాకే తొక్కాను."
ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో అడగలేదు.
తీర్మానం: రేపు ఆరింటి నుంచి, నాలుగు మొక్కలు. చెప్పులు విప్పి.