గంధం పళ్లెం లచ్చన్నను దాటిపోయింది

అన్నా, నువ్వు పిరికోనివి. సంస్కృత నిఘంటువుల దొరికిన సంగతి నాకొక్కనికే చెప్పి, మన నేతగాళ్ల సమాజం హాల్ల నోరు మూసుకున్నవు. గంధం అనే మాటకు పాత పండితులు చూపిన ధాతువుకు అర్థం బాధపెట్టుడట!

నువ్వు కాలం జేసి యాడాదైంది. నిన్న మనముండే గైబీ నగర్‌ల మన సమాజం విందు. మరమగ్గాల కార్ఖానా నడిపే నర్సయ్య సేఠ్ అందరి మెడలకు గంధం పూసుకుంట వచ్చి, మగ్గం కాడికెల్లి నేరుగ వచ్చిన లచ్చన్న ముందట ఆగిండు.

"తానం జేసి రావద్దా? ఆయిల్ కంపు కొడుతున్నవ్."

"నీ మగ్గాలు తాగే ఆయిలే గదా, సేఠ్. వాటికైతే దండం పెడ్తవ్!"

అందరు నవ్విన్రు. పళ్లెం మాత్రం ముందుకు పోయింది. లచ్చన్న తినకుండనే లేచిండు.

అప్పటిసంది ఒకటే ఆలోచిస్తున్న. సంస్కృతంల గంధమంటే ఉత్త వాసనే. మంచీ లేదు, చెడూ లేదు. ముందట 'సు', 'దుర్' తగిలించేది మనుషులే. మరి దాని ధాతువుకు బాధపెట్టుడని అర్థం రాసిన పండితుడు ఎవరి బాధ చూసిండు? ముక్కు మూసుకున్నోనిదా, లచ్చన్న లాంటోనిదా? నీ నిఘంటువు నా దగ్గర్నే ఉంది, అది గూడ చెప్తలేదు.

నువ్వు అడగనివి ఆదివారం మీటింగుల నేనడుగుత:

లచ్చన్నకు అందరి ముందట మాఫీ చెప్పాలె.
ప్రతి కార్ఖానల నల్లా, సబ్బు సేఠ్‌లే పెట్టాలె.
గంధం పళ్లెం ముందుగాల మగ్గం నడిపెటోళ్లకు పోవాలె.