నల్ల కళ్ళద్దాలు

భవానీపురం,
ఆగస్టు 6, 2002

ప్రియమైన బావకి,

హేమ రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, నా మీద కోపం మాత్రం తగ్గలేదు. నువ్వు బస్సెక్కేటప్పుడు టిఫిన్ కట్టివ్వలేదని. నువ్వే వద్దన్నావని చెప్పినా వినదు. నేను పటమటలో సుధామణి డాక్టరు గారి దగ్గర ఎప్పటిలా టోకెన్లు ఇస్తున్నాను.

ఫోన్ చేద్దామని బూత్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. బుల్లెమ్మ గారు మీటరు చూస్తున్నట్టు కూర్చుని ప్రతి మాటా వింటుంది. ఇది ఆవిడ వినాల్సిన మాట కాదు.

అత్తయ్య చుట్టాల పెళ్ళికి వెళ్ళిన మధ్యాహ్నం గురించి రాస్తున్నాను. మన పెళ్ళయి ఆరేళ్ళయింది, నా అంతట నేను నిన్ను అడిగింది అదొక్కటే. వెనక వైపు నోటితో ముద్దు పెట్టుకోవడం కూడా కొంతమంది భార్యాభర్తలకి ఇష్టమేననీ, ఇద్దరికీ ఇష్టమైతే అందులో తప్పేం లేదనీ వారపత్రికలో ఒక డాక్టరు గారు రాశారు. అత్తయ్య గదిలోకి రావడంతో పుస్తకం మూసేశాను, కింది సగం చదవనేలేదు. ముప్ఫయ్యేళ్ళ దాన్ని, ఆ మాట నోట్లోంచి రావడానికి సగం మధ్యాహ్నం పట్టింది. నువ్వు నవ్వలేదు. కాదనలేదు. నాకు బాగుంది బావా. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

కానీ ఆ తర్వాత నువ్వు పెద్దగా మాట్లాడలేదు. బస్సు కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. నీకెలా అనిపించింది? ఒక్క మాట రాయి, చాలు.

నీ మరదలు,
హేమ


నాగాయలంక,
ఆగస్టు 29

హేమకి,

నీ ఉత్తరం అందింది. రొయ్యల సీజను కదా, ఐసు ప్లాంటులో ఊపిరాడటం లేదు. ఒంట్లో కొంచెం నలతగా ఉంది. ఇప్పట్లో రాలేను. నువ్వూ రావద్దు. ఆ సంగతి ఉత్తరాల్లో రాయకు. అమ్మని జాగ్రత్తగా చూసుకో.

మణికుమార్


భవానీపురం,
సెప్టెంబరు 17

బావకి,

పైన 'ప్రియమైన' అని రాయాలో వద్దో తేలక వదిలేశాను. నువ్వూ వదిలేశావుగా.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. పోస్టుమాన్ సంతకం అడుగుతూ రాసే చీటీ కూడా అంతకంటే ఆప్యాయంగా ఉంటుంది. మీ ప్లాంటు కోటి నిన్న ఎండుచేపలు తీసుకుని వచ్చాడు. కాఫీ తాగుతూ నవ్వుతున్నాడు. "అన్న ఈ మధ్య నల్ల కళ్ళద్దాలు కొన్నాడు వదినా. పని చేసేటప్పుడు కూడా తీయట్లేదు. ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే బస్సెక్కి కూచిపూడి వైపు వెళ్ళిపోతన్నాడు. ఎందుకని అడిగితే నోరిప్పడు" అన్నాడు. అత్తయ్య నా ముఖం చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం సెలవు దొరికితే ఇంటికి రాకుండా కూచిపూడి వైపు నీకేం పని? అద్దాలు పెట్టుకుని షోగ్గా ఎవరి కోసం వెళ్తున్నావు? అడగకూడదనే అనుకున్నాను. అడిగేశాను.

ఒకటి మాత్రం నిజం చెప్పు. నేనది అడిగినందుకు అసహ్యం వేసిందా? అలాంటివి అడిగే ఆడది అనుకున్నావా? అలా అయితే ఆ రోజే కాదనాల్సింది. నేనేమీ అనేదాన్ని కాదు. చేసి, ఆ తర్వాత ఇలా ముఖం తిప్పుకుంటే నన్నేం చేయమంటావు? దీనికీ జవాబు రాకపోతే ఇక జన్మలో నిన్ను ఏదీ అడగను. ఇంత ఉప్పు తెచ్చిపెట్టమని కూడా అడగను.

హేమ


నాగాయలంక,
సెప్టెంబరు 24

ప్రియమైన హేమకి,

ఉప్పు అని రాశావు చూడు, చదివి నవ్వాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నేను ఉప్పు తిని నెల కావస్తోంది.

నాకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు పూసినట్టయ్యాయి, అందుకే ఆ అద్దాలు. కూచిపూడి దాటాక ఒక ఊళ్ళో పసరు పోసే పెద్దాయన ఉన్నాడు. ఆదివారం సూర్యుడు రాకముందు పరగడుపున పోస్తాడు. ఉప్పూ నూనే ముట్టకూడదట, కళ్ళు తెల్లబడేదాకా మందు సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదట. చెబితే పనిచేయదట. నాకు పూర్తిగా నమ్మకం లేదు, కానీ భయముంది. ప్లాంటులో నాతో పనిచేసే పెద్దబ్బాయి కళ్ళు కూడా పచ్చబడ్డాయి, వాడూ వస్తున్నాడు. ఇప్పుడు నీకు రాసి మాట తప్పాను. పోతే పోనీ.

దాచడానికి అసలు కారణం వేరే ఉంది. ఇక్కడి కాంపౌండరు, నోట్లోకి మురికి పోతేనే ఈ జబ్బు వస్తుందని చెప్పి, ఎక్కడ ఏం తిన్నావని అడిగాడు. నాకు మన మధ్యాహ్నమే గుర్తొచ్చింది. ఆయనతో ఏం చెప్పను? నీకు రాస్తే, నీ వల్లే వచ్చిందని కుమిలిపోతావు. మళ్ళీ నన్నేదీ అడగవు. నాకు బాగుంది అని రాశావు కదా, ఆ మాట పోతుందేమోనని నా భయం. రాకుండా ఉంటే, ఏమీ రాయకుండా ఉంటే మంచిదనుకున్నాను. అది ఇంకోలా నీకు తగులుతుందని తట్టలేదు.

నీ కళ్ళు బాగున్నాయా? అద్దంలో ఒకసారి చూసుకో. ఈ రెండు రోజులుగా అన్నం చూస్తే వాంతికొస్తోంది.

నీ బావ


భవానీపురం,
సెప్టెంబరు 28

ప్రియమైన బావకి,

నా కళ్ళు తెల్లగానే ఉన్నాయి, ఏడ్చి కాస్త ఎర్రబడ్డాయి అంతే. వెర్రి బావా, వేరే ఆడది ఉందని రాసినా ఇంత భయపడేదాన్ని కాదు. కోటి ఇవాళ మళ్ళీ వచ్చాడు, ఈ ఉత్తరం గట్టిగా అంటించి అతని చేతికిస్తున్నాను. ఎల్లుండి పొద్దున బస్సుకి వస్తున్నాను. ఎదురుగా ఉంటే ఈ మాటలు నా నోటికి రావు, అందుకే ముందే రాస్తున్నాను.

టోకెన్లు అయిపోయాక సుధామణి గారి గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. జీతమిచ్చే మనిషి, రేపు ఆవిడ ముఖం ఎలా చూడాలి అనుకుంటూనే మొత్తం చెప్పేశాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "మలద్వారం దగ్గర నోరు పెట్టడం గురించే కదా నువ్వడిగేది. నవ్వాల్సిందేముంది, చాలామందికి ఉండే కోరికే. తెలిసి చేస్తే ఫర్వాలేదమ్మా" అన్నారు. వెంటనే నా రక్తం తీయించారు. ఒక రకం కామెర్లు నాకు ఎప్పుడో చిన్నప్పుడే వచ్చి పోయాయట. ఒకసారి వచ్చి తగ్గితే అది మళ్ళీ రాదు, అలాంటి మనిషి నుంచి ఇంకొకరికి అంటుకోదు. నీది ఆ రకమే అయితే నా దగ్గర్నుంచి రాలేదు. పెద్దబ్బాయికి కూడా వచ్చిందంటే మీ ప్లాంటు నీళ్ళ మీదే ఆవిడకి అనుమానం. నీళ్ళు కాచుకుని తాగండి.

పసరు ఇవాళ్టితో ఆపెయ్యి. జబ్బుపడ్డ లివరుకి అది ఇంకా బరువవుతుందట. వాంతులు ఆగకపోయినా, పగలంతా మత్తుగా ఉన్నా నా కోసం చూడకుండా అవనిగడ్డ ఆసుపత్రికి వెళ్ళు.

మన అదృష్టం బాగుంది కానీ మనం జాగ్రత్తగా లేమని ఆవిడ చివాట్లు పెట్టారు. నేను చదవని ఆ కింది సగం ఇదేనేమో. ముందు సబ్బుతో పైపైన శుభ్రంగా కడుక్కోవాలి. విరేచనాలున్నా, అక్కడ పుండో మొలలో ఉన్నా, నోట్లో పుళ్ళున్నా ఆ రోజుకి వద్దు. నిరోధ్‌ని పొడవునా కత్తిరించి పలచటి తెరలా అడ్డం పెట్టుకుంటే భయం చాలావరకు పోతుంది. నోరు వెనక పెట్టాక అదే నోటితో ముందు వైపుకి రాకూడదు. నులిపురుగుల మాత్ర ఇద్దరం వేసుకోవాలి. ఆ రకం కామెర్లు రాని వాళ్ళకి టీకా ఉంది, ఇంకో రకానికి వేరే టీకా, అది నేను వేయించుకున్నాను. నీకూ చూస్తారు. నీ రక్తం బాగుందని ఆవిడ చెప్పేదాకా అలాంటిదేమీ వద్దు. కడిగినా, తెర ఉన్నా భయం మొత్తం పోదనీ, అది తెలిసే ఇష్టపడాలనీ అన్నారు. తొందరపడొద్దు, ఎవరు ఆగమంటే అక్కడితో ఆగాలి అన్నారు. ఆ చివరిది చెబుతూ నా కళ్ళలోకి చూశారు. ఆగమని అనకుండానే మనిషి ముఖం తిప్పుకుంటే ఏం చేయాలని అడగబోయి ఊరుకున్నాను.

నువ్వు బతికుంటే చాలు. మిగతావి ఏవీ లేకపోయినా ఫర్వాలేదు.

నీ హేమ


నాగాయలంక,
డిసెంబరు 12

ప్రియమైన హేమకి,

మొన్న మీ డాక్టరు గారు చేయించిన రక్త పరీక్ష కాగితం ఇవాళ అందింది. అంతా మామూలుగా ఉందట. ఆసుపత్రిలో మొదట తేల్చినట్టే, నాది కూడా నీకు వచ్చిన రకమేనట. ఆ ఇంకో రకానికి వేసే టీకా రెండో డోసు కూడా పడింది. ప్లాంటులో నూతి నీళ్ళు మానేసి కాచిన నీళ్ళే తాగుతున్నాం. నిన్న మామిడికాయ పచ్చడితో అన్నం తిన్నాను, ఉప్పు రుచి ఇంత గొప్పదని నాకు తెలీదు. అద్దాలు కోటికి ఇచ్చేశాను.

ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని అన్ని కబుర్లూ చెప్పావు. అదొక్కటి ఎత్తలేదు. ఇంటికొచ్చాక కూడా ఎత్తలేదు. జన్మలో ఏదీ అడగనన్న మాట నిలబెట్టుకుంటున్నావని అర్థమైంది. నేను చెడగొట్టింది నేనే సరిచేయాలి.

నీ మొదటి ఉత్తరానికి నేనింకా జవాబే రాయలేదు. నీకెలా అనిపించింది అని అడిగావు. నాకూ బాగుంది హేమా. బాగుందనిపించినందుకే కంగారుపడ్డాను. మగాడికి అలా అనిపించొచ్చా అనుకుంటూ బస్సులో కూర్చుని, చెయ్యి ఊపడం మర్చిపోయాను.

శనివారం వస్తున్నాను. అమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్తానందని రాశావుగా. సబ్బు, నిరోధ్, కత్తెర నేను చూసుకుంటాను. ఈసారి అడుగుతున్నది నేను. నాకు కూడా అలా చేస్తావా? ఈ ఒక్క వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఆ మధ్యాహ్నం నువ్వెంత ధైర్యం చేశావో ఇవాళే తెలిసింది.

నీకు ఇష్టం లేకపోతే లేదని రాయి, నేను ముఖం తిప్పుకోను. ఏదైనా సరే, ఒక్క మాట రాయి, చాలు.

నీ బావ,
మణికుమార్