వానొస్తే ఎవరి చేపలైనా

లిస్బన్,
ఆదివారం సాయంత్రం.

అమ్మకి,

నీ నాగవేణి నమస్కారాలు. నేను, నానమ్మ, బాబాయి, పిన్ని నలుగురం బాగున్నాం. నువ్వు, నాన్న, తమ్ముడు కూడా బాగున్నారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నానమ్మకి బీపీ మాత్రలు రోజూ నేనే ఇస్తున్నాను, ఒక్క పూట తప్పలేదు. జలుబు లేదు, దగ్గు లేదు. దిగులు పెట్టుకోకు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏంటని నవ్వుతావని తెలుసు. నువ్వు ఫోన్లో "పిన్నితో మాట్లాడిందా?" అని అడిగినప్పుడల్లా నానమ్మ నా పక్కనే కూర్చుని ఉంటుంది. నేను ఊ అని, ఆ అని తప్పించుకుంటున్నాను. అందుకే కాగితాల మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నాను. వరసగా చదువుకుని నాన్నకి కూడా వినిపించు. గురువారమే మా విమానం, ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టొచ్చు, కానీ ఈ సంగతి అప్పటిదాకా నాలో ఆగదు.

ముందు ఊరి కబుర్లు. ఈ రెండు నెలల్లో బాబాయి మాకు చూపించనిది లేదు. కోట చూశాం, రాజుల పడకగదులు చూశాం, గోడలకి నీలంరంగు పూల పలకలు అంటించిన ఇళ్ళు వీధులకి వీధులు చూశాం. పసుపుపచ్చ ట్రామ్‌బండి ఇళ్ళ గడపలు రాసుకుంటూ కొండెక్కుతుంటే నానమ్మ కళ్ళు మూసుకుని నా చెయ్యి గిల్లింది, ఆ మచ్చ ఇంకా ఉంది. ఇక్కడి నది దాటడానికి పెద్ద ఫెర్రీ ఉంది. నానమ్మ దాన్నంతా తిరిగి చూసి, మన నరసాపురం పంటు కంటే పెద్దదే గానీ ఒక్క మోటార్‌సైకిలూ ఎక్కట్లేదేంటి, ఒక్క మేకా లేదేంటి అంది. అన్నంలో రొయ్యలేసి వండుతారు. బాగుంటుంది, చప్పగా ఉంటుంది. నానమ్మ బొడ్లో దోపుకున్న డబ్బీ తీసి కారం జల్లుకుంటుంది. హోటళ్ళలో అందరూ చూస్తారు. మొదట్లో సిగ్గుపడ్డాను, ఇప్పుడు నేనూ చెయ్యి చాపుతున్నాను.

ఆదివారాలు మాత్రం గుండె బరువెక్కుతుంది. వీధి మొత్తం నిశ్శబ్దం. ఎవరూ ఎవర్నీ కేకేసి పిలవరు. అలాంటప్పుడు నోట్‌బుక్కు తీసి, కాలేజీలో తెలుగు మేడమ్ సేకరించమన్న మాటలు రాసుకుంటాను. చినుకు, తుంపర, జల్లు, ముసురు, ఇలా వానకే నానమ్మ దగ్గర పదకొండు మాటలు దొరికాయి. పుస్తకాల్లో వెతుకుతున్నవి ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నాయి.

ఇక అసలు సంగతి. బాబాయి చెప్పకుండా ఇక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నప్పటి నుంచి ఆరేళ్ళుగా మనింట్లో మార్త పిన్ని పేరెత్తడానికే భయపడ్డాం కదా. ఇక్కడికొచ్చాక నానమ్మ పోట్లాడుతుందేమో అనుకున్నాను. పోట్లాడినా బాగుండేది. పిన్ని వడ్డించింది తింటుంది, పిన్ని కొనిచ్చిన స్వెట్టరు వేసుకుంటుంది, ఏదైనా కావాలంటే నాతో "ఆ పిల్లని అడుగు" అంటుంది. అంతే. రెండు నెలలూ అదే. బాబాయికి డిసెంబర్లో నెల సెలవుంది. ఇద్దరూ కలిసి మన ఊరు రావాలని ఆయన ఆశ. పిన్ని మాత్రం నానమ్మ పిలవకుండా ఆ ఇంట్లో అడుగు పెట్టలేనని చెప్పిందట. బాబాయి ఈ మాట నాతో చెప్పి, నానమ్మతో అనొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అడిగి పిలిపించుకున్న పిలుపు ఆయనకి వద్దట. రోజులు అయిపోతున్నాయి, నానమ్మ పిలవట్లేదు. నాకు నిద్ర పట్టేది కాదు.

నిన్న చివరి షికారుగా బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసి ఒక సముద్రపు ఊరు వెళ్ళాం. అమ్మా, అక్కడ ఇసకలో చేపలు ఎండబెడుతున్నారు. నడుమెత్తు బల్లలకి వల బిగించి, చేపల్ని మధ్యకి చీల్చి పరిచారు. ఆ వాసన తగలగానే నానమ్మ నడకే మారిపోయింది. కోట దగ్గర నాలుగు మెట్లకోసారి కూర్చున్న మనిషి ఇసకలో నాకంటే ముందుంది. బల్లల వాళ్ళు భోజనానికి వెళ్ళినట్టున్నారు, ఎదురుగా కొట్టు మూసి ఉంది. బాబాయి మాకు తినడానికేదో తేవడానికి వెళ్ళాడు.

ఎండ బాగానే ఉంది. నానమ్మ సముద్రం వైపు చూసి, "గాలి మళ్ళింది వేణీ, వానొస్తోంది" అంది. అని ఊరుకోలేదు. కొంగు నడుముకి బిగించి బల్లల మీద చేపలు ఎత్తడం మొదలుపెట్టింది.

మన ఒడ్డున ఎవరి చేపలని ఎవరూ అడగరు కదా, వానొస్తే దగ్గరున్నవాళ్ళు ఎత్తేస్తారు. కాపురానికొచ్చిన వారంలో నువ్వు పక్కింటివాళ్ళ మెత్తళ్ళు ఎత్తి పట్టుచీర పాడుచేసుకున్నావని నానమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. కానీ ఇది మన ఒడ్డు కాదు. అవి మనవి కావు, వదిలెయ్యమని బతిమాలాను.

"ఎవరివో వానకి తెలుసా? నిలబడి చూస్తావేంటే, పట్టు" అంది.

నేను ఇంకా తటపటాయిస్తుంటే పిన్ని నన్ను దాటుకుని వెళ్ళింది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆఫీసుకి వేసుకునే క్రీమ్ రంగు కోటు విప్పి ఇసకలో పరిచింది. నానమ్మ ఒక్క క్షణం దానికేసి, పిన్నికేసి చూసి, దానిమీదే చేపలు పేర్చింది. ముగ్గురం కోటు మూలలు పట్టుకుని కొట్టు చూరు కిందకి చేరేస్తూ, మళ్ళీ పరిగెత్తుతూ ఉన్నాం. మూడో బల్ల దగ్గరుండగా చినుకులు మొదలయ్యాయి.

అప్పుడే రోడ్డు అవతల నుంచి ఒకావిడ అరుచుకుంటూ వచ్చింది. చేపలు ఆవిడవే. దారినపోయేవాళ్ళు ఆగారు, ఒకడు ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. పోలీసులొస్తారు, పాస్‌పోర్టులు లాక్కుంటారు, విమానం పోతుంది అని నా బుర్రలో ఒకదాని వెనక ఒకటి. నానమ్మ చేపల్ని గుండెకి అదుముకుని నిలబడిపోయింది. పిన్ని వెళ్ళి ఆవిడకీ నానమ్మకీ మధ్య నిలబడి, గొంతు పెంచకుండా ఏదో చెప్పింది. ఆవిడ ఆగింది. చూరు కింద పేర్చిన చేపల్ని చూసింది. తలా తోకా మార్చి మార్చి, చర్మం పైకి పెట్టి, ఒక్క ముక్క విరక్కుండా పేర్చిన పేర్పు. అంతలో జోరుగా వాన దిగింది. నలుగురం కలిసి మిగతా బల్లలు ఖాళీ చేశాం.

వాన తగ్గేవరకు అందరం చూరు కిందే. ఆవిడ ఒక చేప తుంచి నానమ్మ చేతిలో పెట్టింది. నానమ్మ నమిలి, ఉప్పు చాల్లేదని చెప్పమంది. నేను చెప్పనన్నాను. పిన్ని నాతో ఇంగ్లీషులో చెప్పించుకుని ఆవిడకి చెప్పేసింది. ఆవిడ వాళ్ళ భాషలో, నానమ్మ తెలుగులో పదినిమిషాలు ఉప్పు మీద వాదించుకున్నారు. ఇద్దరికీ అంతా అర్థమైనట్టే ఉంది. బాబాయి తడిసిన పొట్లాలతో వచ్చి మమ్మల్ని చూసి నోరు తెరిచాడు.

బస్సెక్కే ముందు నానమ్మ నన్ను పక్కకి లాగింది. ఆ పిల్ల అక్కడ ఏం చెప్పిందో కనుక్కోమంది. నేను అప్పటికే కనుక్కున్నాను. "ఈవిడ మా అత్తగారు, వాళ్ళ ఊళ్ళో వానొస్తే ఎవరి చేపలని అడగరు" అందట. మన ఒడ్డు పద్ధతి బాబాయి ఎప్పుడో చెబితే గుర్తుపెట్టుకుందట.

"అత్తగారు అందా?" అంది నానమ్మ.

బస్సులో పిన్ని కోటు కంపుకి ముందు సీటువాళ్ళు లేచి వెనక్కి వెళ్ళిపోయారు. పిన్ని నవ్వాపుకోలేకపోతోంది. నానమ్మ నన్ను లేపి పిన్ని పక్కన తను కూర్చుంది. కాసేపటికి నాతో, చలికాలంలో మన ఒడ్డున ఎండబెట్టే పని ఎక్కువ, మనుషులు దొరకట్లేదు, మీ పిన్నిని రమ్మని అడుగు అంది. నువ్వే అడుగు నానమ్మా అన్నాను. అన్నాక భయమేసింది. నానమ్మ కొంగు సర్దుకుని, పిన్ని మోచేయి తట్టి, "మార్తా. డిసెంబర్లో రా అమ్మా" అంది.

పిన్ని నవ్వు ఆగిపోయింది. తిన్నగా కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "వస్తానండి" అంది.

అమ్మా, ఆ అండి ఎప్పుడు నేర్చుకుందో, ఎన్నాళ్ళ నుంచి నోట్లో దాచుకుందో తెలీదు. బాబాయి మాత్రం కిటికీ వైపు తిరిగి ఊరు దాకా మళ్ళీ తల తిప్పలేదు.

పెద్దమ్మకి, పెదనాన్నకి నా నమస్కారాలు చెప్పు. తమ్ముణ్ణి నా పుస్తకాల జోలికి వెళ్ళొద్దను. కాలేజీలో తెలుగు మేడమ్ కనిపిస్తే నోట్‌బుక్కు నిండిపోయిందని చెప్పు. నువ్వూ నాన్నా అక్కడి నుంచే మా ప్రయాణానికి దీవెనలు పంపండి.

ఉంటాను. నీ కూతురు,
నాగవేణి.

తా.క. ఇందాకే నానమ్మ వచ్చి ఎవరికి రాస్తున్నావే అని అడిగింది. నీకని చెప్పాను. అయితే ఇది కూడా రాయమంది: పెరట్లో బాత్రూమ్ తలుపుకి గడియ ఊడిపోయి ఏడాదైంది, నాన్నని రేపే కొత్తది బిగించమను, కోడలొస్తోంది.