చెట్లకి కట్టిన స్పీకర్లు

జూన్ 4

బేస్‌మెంట్ ఖాళీ చేయాలట. నెలాఖరుకి కాంట్రాక్టర్ తాళాలు తీసుకుంటాడు. ఈలోపు వీలైనన్ని టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. యూనివర్సిటీ వార్షికోత్సవం రోజున వెబ్‌సైట్‌లో పెడతారు. మిగిలినవి ఏం చేయాలని డైరెక్టర్ గారిని అడిగాను. “పాడైనవి” అని రాసి ఉన్న అట్టపెట్టెలో వేయమన్నారు. ఆ పెట్టె ఎక్కడికి పోతుందని అడిగాను. గోడవైపు చెయ్యి ఊపారు.

యూనివర్సిటీ జ్ఞాపకమంతా ఈ గదిలోనే ఉంది. ఫేర్‌వెల్ పార్టీలు, ఎలక్షన్ ప్రసంగాలు, హాస్టళ్ళ మధ్య క్రికెట్ మ్యాచ్‌ల ఫిల్ములు, క్యాంపస్ రేడియో టేపులు. ఫిల్ము డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. అంటే లోపల ఫిల్ము కుళ్ళిపోతోందని. టేపులు అలా వాసన వేయవు. చప్పుడు చేయకుండా పోతాయి.

పనిచేసే టేపు మెషీన్ ఒక్కటే. దానికీ నాకూ ఇంచుమించు ఒకే వయసు. ఇద్దరికీ పొద్దున్నే వేడెక్కడానికి కాస్త టైం పడుతుంది.

జూన్ 6

నాన్న రోజూ అడుగుతున్నాడు, దొరికానా అని.

నాన్న ఇక్కడే చదివాడు. అప్పట్లో క్యాంపస్ రేడియో అంటే నిజం రేడియో కాదు. ఒక గది, మధ్యలో అద్దం, రెండు మైకులు, అక్కడినుంచి చెట్లకి కట్టిన స్పీకర్ల దాకా తీగలు. రోజూ సాయంత్రం అరగంట. అందులో నాన్న హీరో. ప్రిన్సిపాల్ గొంతుతో సెలవు ప్రకటిస్తే సగం క్యాంపస్ సినిమాకి వెళ్ళిపోయిందట. అప్పటి స్నేహితులు ఇప్పటికీ ఆయన్ని “రేడియో” అనే పిలుస్తారు.

అమ్మ పోయాక ఈ ఇంటిని నిలబెట్టింది కూడా ఆ గొంతులే. నేను ఆఫీసు నుంచి విసుక్కుంటూ వస్తే తలుపు తీసి నా గొంతుతోనే విసుక్కుంటాడు. నవ్వకుండా ఉండలేను. ఒక్క టేపు దొరికినా చాలమ్మా, అప్పటి నా గొంతు నేనొకసారి వినాలి అంటాడు.

జూన్ 11

నాన్న దొరికాడు.

జూన్ 12

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

డబ్బా మీద “అనౌన్సర్ల సెలెక్షన్” అని మాత్రమే ఉంది. మెషీన్‌కి ఎక్కించాను. ముందు ఒక కుర్రాడి మాట. ఇది ఉత్త టెస్టు, మైకు బయటికి కలపలేదు, భయపడకుండా చదువు అంటున్నాడు. తర్వాత ఒక అమ్మాయి. ఫస్టియర్ అని చెప్పుకుంది. క్యాంపస్ వార్తలు చదవడం మొదలుపెట్టింది.

ఆ అమ్మాయికి నత్తి. “ప” వచ్చిన ప్రతిచోటా ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ ఎత్తుకుంటుంది. వాక్యం అవ్వగానే ఇంకో గొంతు. అదే వాక్యం, అదే నత్తి, రెండింతలుగా. వెనక ఎక్కడో దూరంగా పెద్ద నవ్వు. గది లోపలి నవ్వు కాదు. కిటికీలోంచి వస్తున్న నవ్వు, చెట్ల కిందినుంచి.

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. మైకు స్పీకర్లకి కలిపే ఉంది. క్యాంపస్ అంతా వింటోంది. రెండో గొంతూ, ఆ కిటికీ అద్దానికి అవతల ఉన్నాయి, అవేవీ ఆ అమ్మాయికి వినపడవు. తన మానాన తను చదువుకుంటూ పోతోంది. పోనుపోను ధైర్యం కూడా వచ్చింది పాపం.

రెండో గొంతు, నాకు జ్వరం వచ్చినప్పుడల్లా కథలు చెప్పిన గొంతు.

సగంలో టేపు కీచుమని అరిచి ఆగిపోయింది. మెషీన్ తలకాయకి, టేపుని చదివే చోట, గోధుమరంగు జిగురు పట్టేసింది. ఆపేశాను. దూదితో తుడిచాను.

ఇలాంటి టేపులకి ఒకటే వైద్యం. తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచాలి. అప్పుడు కొన్నాళ్ళు మాట వింటాయి. ఆ కొన్నాళ్ళలో కాపీ తీసుకోలేకపోతే అంతే సంగతులు. ఈ టేపు ఇంకో ఎండాకాలం చూడదు.

జూన్ 13

నాన్నతో చెప్పాను. వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాడు.

మొదట నవ్వాడు. ఓ, అదా, అన్నాడు. కుర్రతనం అన్నాడు. అదే పళ్ళెం తుడుస్తూనే ఉన్నాడు. ఇంకెవరైనా విన్నారా అని అడిగాడు. లేదన్నాను.

అప్పుడు, నేనేమీ అడక్కుండానే, మిగతాది తనే చెప్పాడు. ఆ అమ్మాయి గదిలోంచి బయటికి వచ్చేసరికి మెట్ల మీద, గడ్డిలో, ఎక్కడ చూసినా జనమేనట. ఎవడో చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు. బాగా చదివాను కాబోలనుకుని ఆ పిల్ల నవ్విందట. నమస్కారం కూడా పెట్టిందట. తర్వాత ఎవరో చెప్పి ఉంటారు. మళ్ళీ క్యాంపస్‌లో కనబడలేదు.

ఒక్కచోట కూడా తడుముకోకుండా చెప్పాడు. ఇన్నేళ్ళలో ఒక్క ముక్కా మర్చిపోలేదన్నమాట.

చివర్లో అన్నాడు, నువ్వేమీ చేయక్కర్లేదమ్మా, వదిలెయ్, దానంతటదే పోతుంది.

చెరిపెయ్ అని ఉంటే దెబ్బలాడేదాన్ని. ఏమీ చేయొద్దన్నవాడితో ఏమని దెబ్బలాడతాం?

జూన్ 14

ఇంట్లో గొంతులు ఆగిపోయాయి. నాన్న నాన్నలాగే మాట్లాడుతున్నాడు.

జూన్ 17

డైరెక్టర్ గారికి చెప్పక తప్పలేదు. ఎవరి గొంతో మాత్రం చెప్పలేదు. ఆయనా నాన్న మాటే ఇంకో చొక్కా తొడిగి చెప్పారు. వార్షికోత్సవానికి ముందు ఈ తలనొప్పి మనకెందుకు మేడం, చెరిపితే తప్పు గాని, చెడిపోయిన టేపు చెడిపోతే తప్పేముంది, పెట్టెలో వేసేయండి.

సరేనన్నాను. నా నోటితోనే అన్నాను. కిందికొచ్చి టేపు పెట్టెలో వేశాను. మధ్యాహ్నం దాకా ఇంకేదో పని చేశాను. తర్వాత తీసి నా సొరుగులో పెట్టుకున్నాను. ఎందుకు తీశానంటే చెప్పలేను. పాడవుతున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు రాదు, అంతే. ఆ అమ్మాయి కోసం తీశానని గొప్పలు పోను.

జూన్ 20

ఆవిడ వచ్చారు.

ఈ టేపుల గురించి పాత విద్యార్థుల గ్రూపులో మేం పెట్టిన ప్రకటన ఎవరో ఆవిడకి పంపారట. కళ్ళ డాక్టరు. రిటైరై రెండేళ్ళయిందట. పొట్టిగా, నిటారుగా ఉన్నారు. మాట మాటకీ మధ్య చిన్న ఖాళీ వదిలి మాట్లాడతారు. “ప” దగ్గర ఇప్పటికీ ఆగుతారు. ఆగినందుకు మొహంలో ఏ ఇబ్బందీ ఉండదు. వినేవాళ్ళే ఆగాలి.

అనౌన్సర్ల సెలెక్షన్ టేపు ఉందా అని అడిగారు.

ఉందన్నాను. వెబ్‌సైట్‌లోకి వెళ్ళదని గబగబా చెప్పాను. టేపు పాడైపోతోందని, మీరు కోరితే ఇంక దాని జోలికే వెళ్ళమని, మీ కళ్ళముందే తీసేస్తామని కూడా అన్నాను. ఊరటగా ఉంటుందనుకున్నాను. నాకు కూడా.

ఆవిడ నన్ను చాలాసేపు చూశారు. రోగి కంట్లోకి చూసినట్టు.

ఆ రోజు అందరూ విన్నారు, నేను తప్ప, అన్నారు.

అద్దం వెనక ఏం జరిగిందో ఆవిడకి తెలీదు. వెక్కిరించారని చెప్పారు గాని, ఏమన్నారో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో వాళ్ళు నమ్మలేదు. సెలెక్ట్ కాలేదని కథలు అల్లుతోందన్నారు. చదువు మానేసిందని తిట్టారు. ఏడాది తర్వాత ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారట. పెళ్ళయ్యాక భర్తకి చెబితే, వదిలెయ్, చిన్న విషయం అన్నాడట. చిన్నదో పెద్దదో నేను వినందే ఎలా తెలుస్తుంది, అని నన్నడిగారు.

వినిపించగలరా అన్నారు.

ప్రయత్నిస్తానన్నాను. ఎవరి కూతురినో చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

జూన్ 21

పొద్దున కాఫీ ఇస్తూ నాన్నకి చెప్పాను, ఆవిడ వచ్చారని. బతికే ఉందా అన్నాడు. డాక్టరయ్యారని చెప్పాను. కప్పు కింద పెట్టేశాడు.

టేపు కాపీ తీస్తున్నానన్నాను. నా పరువు సంగతి ఆలోచించావా అన్నాడు. నీ ఒక్కడి గొంతే లేదు నాన్నా అందులో అన్నాను.

కాఫీ అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

జూన్ 23

బయాలజీ వాళ్ళని బతిమాలి ఇన్‌క్యుబేటర్ తెచ్చుకున్నాను. వాళ్ళు అందులో బాక్టీరియా పెంచుతారు. ఏం పెంచుతున్నారు మేడం అని అక్కడి లెక్చరర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పొద్దున టేపు అందులో పెట్టాను. వేడి పెరిగితే రీలు వంకరపోతుంది, తగ్గితే జిగురు వదలదు. కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చున్నాను, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టు.

జూన్ 24, ఉదయం 10

టేపు చల్లారింది. మెషీన్ తుడిచాను. మళ్ళీ తుడిచాను. తలుపు గడియ పెట్టాను. మొదలుపెడుతున్నాను.

ఉదయం 11

అయిపోయింది. కాపీ వచ్చింది.

రెండుచోట్ల అతుకులు ఊడాయి. రెండోసారి టేపు మెషీన్‌లోకి చుట్టుకుపోబోయింది. రీలుని అరచేత్తో ఆపాను, చర్మం కాలింది. అతికించి మళ్ళీ నడిపాను. గోధుమరంగు పొడి రాలుతూనే ఉంది. రాలే ప్రతి రేణువూ ఎవరిదో ఒక మాటే కదా అనిపించి ఊపిరి బిగబట్టాను.

మిగతా సగం విన్నాను. ఎక్కడో ఒకచోట నాన్న ఆపుతాడని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అది వినడానికే ఇంత కష్టపడ్డానేమో. అలాంటిదేమీ లేదు. చివర్లో ఒక కుర్రాడు, ఎవరో తెలీదు, మైకుకి దూరంగా, ఇంక చాల్లేరా, పాపంరా, అంటాడు. దానికి నాన్న, ఉండరా, ఇంకొక్కటి, అంటాడు. ఆ ఇంకొక్కటీ చేస్తాడు. చాలా బాగా చేస్తాడు.

తర్వాత అమ్మాయి అడుగుతుంది, బాగా చదివానా అని. టేపు అక్కడితో ఆఖరు.

జూన్ 25

ఆవిడకి ఫోన్ చేశాను. కాపీ వచ్చిందన్నాను. వినే ముందు మీకో సంగతి తెలియాలన్నాను. అద్దం వెనక ఉన్నది మా నాన్న అన్నాను.

రేడియోనా, అన్నారు. అవునన్నాను. ఉన్నారా అన్నారు. ఉన్నారన్నాను. కాపీ తీసింది మీరేనా అన్నారు. నేనే అన్నాను.

ఎల్లుండి వస్తానన్నారు.

జూన్ 27

వచ్చారు. హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. బయటికి వెళ్ళనా అంటే వద్దు, కూర్చోండి అన్నారు. నాకు వినపడదు, ఆవిడ మొహం మాత్రం కనపడుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నారు. ఒకచోట పెదాలు కదిలాయి. తన వార్తలు తను చదువుకుంటున్నారు, లోలోపల.

అదే సమయానికి డైరెక్టర్ గారు దిగొచ్చారు. బయాలజీ వాళ్ళు చెప్పి ఉంటారు. పెట్టెలో వేయమన్నది ఎందుకు వేయలేదని నామీద మొదలుపెట్టారు. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీశారు. ఇందులో ఉన్నది నా గొంతు, అన్నారు. వెబ్‌సైట్ సంగతి నేను తర్వాత ఆలోచించుకుంటాను. అప్పటిదాకా ఇది పాడవకూడదు. ఇక్కడే ఉండాలి, అడిగినవాళ్ళకి వినిపించాలి. “పాడవకూడదు” దగ్గర ఆగారు. డైరెక్టర్ గారు ఆ మాట అందించబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపి, తనే పూర్తిచేశారు.

ఆయన గడియారం చూసుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నారు. తర్వాత ఒక్క ముక్క మళ్ళీ వేయమన్నారు. ఏది అని అడిగాను. ఎవరో చాల్లేరా అన్నారు కదా, అది. వేశాను. ఇంకోసారి అన్నారు. మళ్ళీ వేశాను.

ఒకడు ఆపమన్నాడు, అన్నారు. నాకు తెలీదు. ఇన్నేళ్ళూ తెలీదు.

అప్పుడు ఏడ్చారు. మంచినీళ్ళు ఇచ్చాను.

వెళ్ళేముందు అడిగాను, నాన్నకి ఏమైనా చెప్పమంటారా అని. ఆయన్ని చూడాలని లేదన్నారు. గుమ్మం దగ్గర ఆగి, కాపీ వచ్చిందని మాత్రం చెప్పండి, మీరే తీశారని, అన్నారు.

జూన్ 28

చెప్పాను. ఆవిడ విన్నారని, ఏది రెండుసార్లు వేయించుకున్నారో కూడా చెప్పాను. నాన్న అటు తిరిగి పడుకున్నాడు. ఆ చాల్లేరా అన్నవాడు పోయి చాలా ఏళ్ళయింది, వాడి మాట నేను వినలేదు, అన్నాడు గోడకేసి.

జూన్ 30

నాన్న బేస్‌మెంట్‌కి వచ్చాడు. చెప్పకుండా. మెట్లు దిగి ఆయాసపడుతున్నాడు. హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుని మొత్తం విన్నాడు.

తర్వాత నా కంప్యూటర్ వైపు వంగాడు. టేపు వివరాల్లో రెండో గొంతు ఎదురుగా “తెలియదు” అని రాసి ఉంచాను. అది కొట్టేసి నా పేరు రాయి అన్నాడు. ఇంటిపేరుతో సహా.

అది నా ఇంటిపేరు కూడా.

రాశాను.