వదిన చెప్పిన ఆఫ్‌సైడ్

బుధవారం, మార్చి 12
దుకాణంలో, మధ్యాహ్నం

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, అన్నయ్యగారూ, మీ మోకాలూ క్షేమమని తలుస్తాను. పైన ఆ పిలుపు రాయడానికే చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. మీ తమ్ముడూ నేనూ విడిపోయాక మిమ్మల్ని వదిన అనే హక్కు నాకింకా ఉందో లేదో ఎవర్ని అడగాలో తెలియలేదు. పోనీ మేడమ్ అని రాద్దామంటే నాకే నవ్వొచ్చింది. అందుకని పాత పిలుపే ఉంచేశాను. నచ్చకపోతే కొట్టేసి మిగతాది చదువుకోండి.

మీ కళ్ళజోడు బాగయింది. కుడివైపు కాడకి స్క్రూ ఊడింది, అంతే. ముక్కు మీద ఆనే మెత్తలు పచ్చబడిపోతే అవి కూడా మార్చి, అద్దాలు శుభ్రం చేశాను. నిన్న మీరొచ్చి ఇచ్చి వెళ్ళారని మా ఓనరు చెప్పాడు. మంగళవారం నాకు సెలవని మీకు తెలుసు. తెలిసే వచ్చారని నాకూ తెలుసు. పోయిన నెల కూరగాయల సందులో నన్ను చూసి మీరు టమాటాల మీదికి వంగిపోయారు. నేను మాత్రం తక్కువ తిన్నానా, గొడుగు తెరిచి అడ్డం పెట్టుకున్నాను. ఎండా లేదు, వానా లేదు. ఇంత వయసొచ్చి ఇద్దరం దాగుడుమూతలాడుతున్నాం.

ఫోన్ చేద్దామని మీ పేరు దాకా వెళ్ళి చాలాసార్లు వెనక్కొచ్చాను. మీరు హలో అనే తీరులో ఏ కాస్త తేడా ఉన్నా నా నోరు పెగలదు. అందుకే ఈ ఉత్తరం. కళ్ళజోడు పెట్టెలో, తుడిచే గుడ్డ కింద పెడుతున్నాను.

అసలు సంగతి చెప్తాను. మనకి టికెట్లు వచ్చాయి.

కూర్చునే చదువుతున్నారు కదా? పోయినసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ అయిపోయి, గెలిచినవాళ్ళు కప్పు పట్టుకుని మైదానమంతా తిరుగుతుంటే, వచ్చేసారి ఏ దేశంలో పెట్టినా సరే మనిద్దరం వెళ్ళి చూడాల్సిందే అన్నారు మీరు. మీ తమ్ముడూ అన్నయ్యగారూ పడీపడీ నవ్వారు. ఆ ఉక్రోషం నాకు పోలేదు. టికెట్లకి లాటరీ తెరిచిన రోజే కంప్యూటరు ముందు కూర్చుని ఇద్దరి పేర్లూ పెట్టేశాను. అప్పటికింకా మా ఇల్లు ఇల్లుగానే ఉంది. తర్వాత జరిగినవాటిలో పడి ఆ సంగతే మర్చిపోయాను. పోయినవారం కబురొచ్చింది. మొదటి రౌండులో ఒక మ్యాచ్, క్వార్టర్ ఫైనల్ ఒకటి. రెండూ వేరువేరు ఊళ్ళలో. టికెట్ల మీద మన పేర్లుంటాయి, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. ఈ నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి.

నేనప్పుడే ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళొచ్చాను. గోడ నిండా మంచుకొండల బొమ్మలు, వాటి కింద చెమటలు కక్కుతూ ఒక గుమాస్తా. మనిషి మంచివాడే. విమానాలూ రైళ్ళూ ఓపిగ్గా చూపించాడు. రెండో ఊరికి రైల్లోనే వెళ్దాం, కిటికీ సీటు మీది. మీ మోకాలికి మెట్లు పడవు కాబట్టి హోటల్లో కింది అంతస్తులోనే గది కావాలన్నాను. స్టేషన్ పక్కనే ఒకటి ఉందట. స్టేడియంలో మన సీట్లు గోలు వెనకాల మూలకి వచ్చాయి. అవతలి గోలు సరిగ్గా కనపడదు. మీ దూరపు చూపు మరోసారి పరీక్ష చేసి కొత్త అద్దాలు వేస్తాను. ఈసారి సెలవు రోజు చూసుకుని రాకండి. మీ స్కూలు లైబ్రరీ కూడా ఆ రోజుల్లో మూసే ఉంటుంది, క్యాలెండరు చూశాను.

అంతా బాగానే నడిచింది కానీ, మీతో వచ్చేది ఎవరు, మీకేమవుతారు అని అడిగాడు గుమాస్తా. వదిన అన్నాను. అన్నయ్య భార్యా అన్నాడు. కాదు, మావారి అక్కగారు అన్నాను. అలాగైతే మీవారికి కూడా గది చూడమంటారా అన్నాడు. ఆయన లేరన్నాను. పాపం, కలం కింద పెట్టి మొహం దిగాలుగా పెట్టేశాడు. అయ్యో ఆయన నిక్షేపంగా ఉన్నారండీ, నా దగ్గరే లేరు అని చెప్పాల్సొచ్చింది. చివరికి కాస్త ఆలోచించి, మీ పేరు పక్కన తెలిసినావిడ అని రాసుకున్నాడు. అతని తప్పేం లేదు. కానీ ఆ మాట చూస్తూ కూర్చుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. కోర్టులో సంతకం పెట్టిన రోజు కూడా నేను ఏడవలేదు వదినా.

మీ తమ్ముడి మీద నాకు కోపం లేదు. కొన్నాళ్ళు ఉండేది, ఇప్పుడు లేదు. ఆయన మీద ఏదో చెప్పి మిమ్మల్ని నా వైపు లాక్కోవాలనీ లేదు. మీ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు గుర్తున్నది ఒక్కటే. ముందుగదిలో అందరూ వాళ్ళ పాత కబుర్లు చెప్పుకుంటుంటే, మధ్యలో నేను ఎటు నవ్వమంటే అటు నవ్వుతూ కూర్చునేదాన్ని. మీరు టీవీ ముందు నుంచి వెనక్కి తిరిగి, ఇలా రా, నీకు ఆఫ్‌సైడ్ అంటే తెలుసా అన్నారు. తెలియదన్నాను. టీకప్పులన్నీ బల్ల మీద పరిచారు. చక్కెర డబ్బా గోల్‌కీపరు. బోర్లించిన కప్పులు వాళ్ళ మనుషులు, నిలబెట్టినవి మనవాళ్ళు. మనవాడికి బంతి అందించే క్షణంలో వాడు వాళ్ళ ఆఖరి కప్పుని దాటిపోయి ముందుండకూడదు, ఉంటే ఆఫ్‌సైడ్ అన్నారు. అర్థం కాలేదన్నాను. మళ్ళీ చెప్పారు. ఆ తర్వాత ప్రతి టోర్నమెంటుకీ ఆ కప్పులు బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి, నాకు అర్థం కాకుండానే ఉంది. ఇంత మొద్దుబుర్ర అద్దాలు ఎలా అరగదీస్తోందో అని మీరు తల పట్టుకునేవారు.

రోజంతా లైబ్రరీలో పిల్లల నోళ్ళు మూయించి వచ్చి, సాయంత్రం టీవీ ముందు మీరు అరిచే అరుపులు నాకిప్పటికీ చెవుల్లో ఉన్నాయి. పోయినసారి క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? బంతి గీత దాటి బయటికి పోతే, ఒకడు దాన్ని చేతులతో లోపలికి విసిరాడు. అందరికంటే ముందు నిలబడ్డవాడు దాన్ని అందుకుని గోలు కొట్టేశాడు. ఆఫ్‌సైడ్, ఆఫ్‌సైడ్ అని మీరు సోఫా మీదికెక్కినంత పని చేశారు. రిఫరీ గోలు ఇచ్చేశాడు. ఆ కళ్ళు లేనివాణ్ణి మీ దుకాణానికి తోలుకుపోవే అన్నారు నాతో.

ఇంకోటి కూడా గుర్తొస్తుంది. మీకంటూ ఒక జట్టు ఉండేది కాదు. ఎవరు వెనకబడితే వాళ్ళ పక్షం. వాళ్ళు సమం చేసి ముందుకెళ్ళగానే అవతలివాళ్ళ వైపు దూకేసేవారు. ఈసారి మా ఇద్దరిలో ఎవరు వెనకబడ్డారో తేలక మీరు అక్కడే ఆగిపోయి ఉంటారు. తమ్ముడికి కోపం వస్తుందనీ అనుకుని ఉంటారు. నేను అర్థం చేసుకోగలను. కానీ నాకు మీరు లేని వెలితి ఉంది, అది దాచుకోను. ఆదివారాలు టీవీలో ఏదో ఒక మ్యాచ్ పెట్టుకుంటాను. గొంతు చించుకునేవాళ్ళు లేక ఇల్లు చప్పగా ఉంటోంది.

రానంటే నేనేమీ అనుకోను. కబురు పెడితే చాలు, టికెట్లన్నీ వెనక్కిచ్చేస్తాను. వస్తానంటే మాత్రం వీసాకి ఫోటో కావాలి, కళ్ళజోడు తీసి దిగాలట. అంత దూరం నన్ను ఒక్కదాన్నే పంపకండి. ఆఫ్‌సైడ్ కూడా తెలియనిదాన్ని, పక్కన మీరు లేకపోతే అక్కడ నాకు ఎవరు చెబుతారు?

అన్నయ్యగారికి నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీరు కాదనేదాకా
మీ మరదలు

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. చింపి మళ్ళీ రాసే ఓపిక లేక ఇక్కడ సరిదిద్దుతున్నాను. ఆఫ్‌సైడ్ నాకు మొదటి రోజే అర్థమైంది. అర్థమైందంటే మీరు కప్పులు తీసేసి టీవీ వైపు తిరిగిపోతారు, నేను మళ్ళీ ఆ ముందుగదిలో ఒక్కదాన్నే కూర్చోవాలి. అందుకని తెలియదన్నాను. తర్వాత అదే అలవాటైపోయింది. ఇంకో మాట. చేతులతో విసిరిన బంతిని నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు వదినా. ఆ రిఫరీ కళ్ళు బాగానే ఉన్నాయి, ఇన్నేళ్ళూ మీరు చెబుతున్నదే తప్పు. స్టేడియంలో అంతమంది మధ్య లేచి నిలబడి మళ్ళీ అలాగే అరుస్తారని నాకు తెలుసు. అరవండి. ఎవరావిడ అని పక్కవాళ్ళు అడిగితే మా వదిన అనే చెబుతాను.