అయిదో గడి

రోథరమ్,
1993 సెప్టెంబరు 6

ప్రియమైన డోరీన్,

నువ్వు విట్బీ వెళ్లి పది రోజులు కాలేదు, ఇంట్లో చెంచాలన్నీ మాయమయ్యాయి. మీ అక్క తుంటి ఎలా ఉంది? మెట్ల మీద పరుగులు పెట్టే వయసు దాటిపోయిందని మేవిస్‌కి నా మాటగా చెప్పు.

అసలు సంగతికి వస్తాను. లైసెన్సు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా తమ్ముడు స్టాన్లీ స్పెయిన్‌లో కాపురం పెట్టాడు కదా, వాడితో పాటు వాడి సర్టిఫికెట్టూ పోయింది. ఇన్నేళ్లూ మన లారీ లైసెన్సులో బాధ్యుడిగా ఉన్నది వాడి పేరే. ఆ పరీక్ష పాసైన మనిషి ఎవరో ఒకరు నవంబరు నెలాఖరులోగా దొరక్కపోతే లైసెన్సు రద్దు. తుక్కు, చెత్త మోసేవాళ్లు విడిగా పేరు నమోదు చేయించుకోవాలన్నారు, చేయించాను. ఆ కాగితం లారీ అద్దం పక్కనే ఉంది. కానీ లైసెన్సు లేకుండా ఆ కాగితం దేనికి? తల లేనివాడికి టోపీ ఇచ్చినట్టుంది.

అందుకని పరీక్ష నేనే రాస్తున్నాను, వచ్చే నెల ఎనిమిదిన, షెఫీల్డ్‌లో. నవ్వకు. మన లారీ దొరసానిని అమ్ముకునే రోజు రాకూడదు. ఆ లారీ పోతే పొద్దున్నే లేచి ఏం చేయాలో నాకు తెలియదు. ఈ మాట నీతో తప్ప ఎవరితోనూ అనలేను.

చెంచాల కోసం వెతుకుతూ,
నీ క్లిఫ్


విట్బీ,
సెప్టెంబరు 14

ప్రియమైన క్లిఫ్,

చెంచాలు ఎక్కడికీ పోలేదు. తొట్టిలో ఉన్నాయి, కడిగితే కనిపిస్తాయి.

నేను నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను. నువ్వు చివరిసారి పరీక్ష రాసినప్పుడు మాస్టారు మీ అమ్మను పిలిపించారట కదా. ఒక్క సలహా ఇస్తాను, విను. పరీక్షలో నీకు తెలిసింది రాయకు, పుస్తకంలో ఉన్నది రాయి. రెండూ ఒకటి కాదు.

మేవిస్ కర్ర పట్టుకుని వంటింటిదాకా వస్తోంది. సూపులో ఉప్పు తక్కువైందని నిన్న నామీద అరిచింది కాబట్టి కోలుకుంటున్నట్టే లెక్క. నాకు సాయంత్రాలు పొద్దుపోవడం లేదు. మంగళ, గురువారాల్లో లేసు అల్లడం నేర్పే క్లాసుకి వెళ్తున్నాను.

అన్నట్టు, డ్రైవరు ఆగకుండా ఎన్ని గంటలు బండి నడపొచ్చు? పక్కింటాయన అడిగాడు.

గొంతుకు మఫ్లరు చుట్టుకో.
నీ డోరీన్


రోథరమ్,
అక్టోబరు 9

ప్రియమైన డోరీన్,

లేసా? ఆ మధ్య నువ్వు అల్లిన స్వెట్టరు ఇప్పటికీ కుక్కే తొడుక్కుంటోంది. పక్కింటాయనకి చెప్పు, ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా నడపొచ్చని. నిన్న పరీక్షలోనూ అదే అడిగారు. టీ సంగతి మాత్రం జవాబుల్లో లేదు.

ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులు, నాలుగు గడులు. ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఒక ప్రశ్న చూడు. సరుకు కాగితంలో పాత ఇనుము అని ఉంది, తీరా ఎక్కించబోతే అడుగున మూత బిగించిన డ్రమ్ములున్నాయి. డ్రైవరు ఏం చేయాలి? నాలుగు జవాబులూ చదివాను. ఒక్కటీ మనం చేసేది కాదు. అందుకని కింద అయిదో గడి గీసి, 'డోరీన్‌ని అడగాలి' అని రాసి, దాంట్లో టిక్కు పెట్టాను.

కాపలా ఉన్న అమ్మాయి చూసింది. "ఏమండీ, కొత్త గడులు గీయకూడదండీ" అంది.

"మరి సరైన జవాబు ఎక్కడ పెట్టమంటావమ్మా?" అన్నాను.

ఫలితాలు నెల రోజుల్లో వస్తాయట.

నీ క్లిఫ్


రోథరమ్,
నవంబరు 8

ప్రియమైన డోరీన్,

పాసయ్యాను. నువ్వేం బెంగపెట్టుకోకు. మేవిస్‌కి పూర్తిగా నయమయ్యేదాకా, కావాలంటే క్రిస్మస్ దాకా, అక్కడే ఉండు. ఇక్కడ వాన. బార్న్స్‌లీ నుంచి ఒకాయన వచ్చి దొరసానిని ఊరికే చూసి వెళ్లాడు. శనివారం మళ్లీ వస్తాడట, ఊరికే.

క్లిఫ్


విట్బీ,
నవంబరు 10

ప్రియమైన అబద్ధాలకోరుకి,

నువ్వు పాసవలేదు.

ఉల్లికాడలు పెంచే పోటీలో రెండో బహుమతి వచ్చినప్పుడు నాకు మూడు పేజీలు రాసిన మనిషివి. నిజంగా పాసై ఉంటే ఆ సర్టిఫికెట్టు నంబరు కూడా రాసేవాడివి. ముప్ఫై ఏళ్లలో నన్నే ఆ లారీ తలుపుకి ఆనుకోనివ్వలేదు. అలాంటివాడివి బార్న్స్‌లీ ఆయనకి ఊరికే చూపిస్తావా? ఆ వాక్యం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మేవిస్ తన తుంటి గురించే అనుకుని, "నాకు బాగానే ఉందిలేవే" అంది.

ఇప్పుడు నా అబద్ధం విను. లేసు క్లాసు లేదు. పక్కింటాయన అసలు లేడు, అది గుడ్లగూబలున్న ఖాళీ ఇల్లు. మంగళ, గురువారాల్లో నేను వెళ్లింది లారీల క్లాసుకి. పదకొండు మంది మగవాళ్లు, నేను. నువ్వు షెఫీల్డ్‌లో రాసిన రోజే, అదే ప్రశ్నపత్రం, నేను మిడిల్స్‌బరోలో రాశాను. నిన్న ఫలితం వచ్చింది. పాసయ్యాను, క్లిఫ్. నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావుగంట ఆగాలి. ఫ్లాస్కుతో సంబంధం లేదు.

దీంతో పాటు దరఖాస్తు పంపుతున్నాను. బాధ్యులు అన్నచోట నా పేరు రాశాను. ఈ శుక్రవారమే సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చేయ్. శనివారం బార్న్స్‌లీ ఆయన వస్తే టీ ఇచ్చి పంపించు. నేను ఆదివారం బస్సుకి వస్తున్నాను. ఇకనుంచి చట్టప్రకారం నన్ను అడక్కుండా దొరసాని గేటు దాటకూడదు, గుర్తుపెట్టుకో.

ఆ డ్రమ్ముల ప్రశ్నకి నేను మూడో గడిలో టిక్కు పెట్టాను. పని ఆపాలి, కాగితం సరిచేసి ఇచ్చేదాకా సరుకు ఎక్కించుకోకూడదు. పుస్తకంలో అదే ఉంది, మార్కు వచ్చింది. పరీక్ష రాసి వచ్చాకే నీ ఉత్తరం అందింది. ముప్ఫై ఏళ్లుగా ఏ లోడు మీద అనుమానమొచ్చినా నువ్వు బూట్లతోనే వంటింట్లోకి వచ్చి, "ఇదేమిటో చూడవే" అని అడుగుతూనే ఉన్నావు. నువ్వు రాసిందే సరైన జవాబు. ప్రశ్న వేసినవాళ్లకి నేనెవరో తెలియదు, అంతే.

ఆదివారానికి చెంచాలు కడిగి ఉంచు.

నీ అయిదో గడి,
డోరీన్