రిజిస్టర్‌లో లేని మోటారు

బావగారికి,

మీరు రిటైరయ్యాక మన ఆసుపత్రి మరమ్మతు పనులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమని పైవాళ్లు చెప్పారు. మీ రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కటీ వదలకుండా నేనే ఎక్కించాను. చూడాల్సిన మిషను పేరు ఎర్రగా వస్తుంది, చూసి నొక్కితే పచ్చబడుతుంది. ఆర్నెల్లుగా అన్నీ పచ్చగానే ఉన్నాయి.

నిన్న తనిఖీవాళ్లు నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మే మోటారు వెయ్యమన్నారు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ప్రతి సోమవారం మీరు టీకి వెళ్తూ దాన్ని ఐదు నిమిషాలు నడిపేవారట. రాసుకోరేమని వాచ్‌మన్ అడిగితే, "ఇదీ ఒక పనేనా?" అనేవారట.

తప్పు నాదేనని రాసిచ్చాను. మీ పేరెత్తలేదు, అక్కకు చెప్పకండి. పనని అనుకోకుండా మీరు ఇంకా ఏమేం చేసేవారో గుర్తుచేసుకుని వెంటనే రాయండి. పై అంతస్తులో మంచం దిగలేనివాళ్లు నలభైమంది ఉన్నారు. తెరమీద ఇవాళ కూడా అన్నీ పచ్చగానే ఉన్నాయి.

మీ బావమరిది